ఓడలో పెళ్లి చేసుకోవాలనుకుంటే: రేవులోనా, నడి సముద్రంలోనా, ఒడ్డు మీదా?

ఓడలో పెళ్లి అనుకోగానే అందరూ ముందు ఫొటోలు చూస్తారు. ఏ డెక్ బాగుంది, సాయంత్రం ఎండ ఎటువైపు పడుతుంది, చాపెల్‌కి (ఓడలో పెళ్లి జరిపే చిన్న ప్రార్థన మందిరానికి) అద్దాలున్నాయా లేదా అని. నన్ను అడిగితే ఆ ఫొటోలు కాసేపు పక్కన పెట్టి, ఒక కాగితం మీద పేర్లు రాయమంటాను. ఎవరు పక్కన లేకపోతే మీకు పెళ్లయినట్టే అనిపించదో వాళ్ల పేర్లు. నాలుగు వస్తాయా, నలభై వస్తాయా? అందులో వారం రోజులు సెలవు దొరకనివాళ్లు ఎంతమంది? పాస్‌పోర్ట్ లేనివాళ్లు, కదిలే ఓడంటే కళ్లు తిరిగేవాళ్లు, డాక్టర్ ప్రయాణం వద్దన్నవాళ్లు ఎంతమంది? ఓడ ఏదో, ఎక్కడ పెళ్లో సగం ఆ జాబితాయే తేల్చేస్తుంది. మిగతా సగం చట్టం తేలుస్తుంది.

నేను ఇలాంటి పెళ్లిళ్లు రెండు దగ్గరుండి చూశాను. ఒకటి ఓడ ఇంకా రేవులో కట్టేసి ఉండగానే జరిగింది, ఇంకోటి చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేనిచోట. మొదటిదాంట్లో పెళ్లికొడుకు మేనమామ టెర్మినల్ గేటు దగ్గరే ఆగిపోయాడు. ఓడవాళ్లకు ముందే పంపిన జాబితాలో ఆయన ఇంట్లో పిలిచే పేరు రాశారు, గుర్తింపు కార్డులో వేరే పేరుంది. సెక్యూరిటీ అమ్మాయి చాలా మర్యాదగానే చెప్పింది, కానీ లోపలికి మాత్రం పంపలేదు. గాజు తలుపు ఇవతల బ్యాగు ఒళ్లో పెట్టుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు ఆయన. పెళ్లి అయ్యాక కొత్త దంపతులు కిందకి దిగి వచ్చి పలకరిద్దామంటే దానికీ టైము లేదు. ఆ తప్పు ఓడవాళ్లది కాదు, మాదే. అందుకే పేర్ల జాబితాతో మొదలుపెట్టాను.

అసలు కెప్టెన్ పెళ్లి చేయొచ్చా?

కెప్టెన్ అన్నాక ఎవరికైనా పెళ్లి చేసేయొచ్చని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. నడి సముద్రంలో ఓడ మీద చెల్లేది ఆ ఓడ ఏ దేశంలో రిజిస్టర్ అయిందో ఆ దేశపు చట్టం. కెప్టెన్‌కి పెళ్లి చేసే అధికారం ఆ చట్టం ఇస్తే ఉంటుంది, లేకపోతే లేదు. అమెరికా నౌకాదళం నియమాల్లో అయితే కమాండింగ్ ఆఫీసర్ ఓడలో పెళ్లి చేయకూడదని నేరుగానే రాసి ఉంది.

బెర్ముడా, బహమాస్, మాల్టా చట్టాలు దీనికి ఒప్పుకుంటాయి. పెద్ద క్రూజ్ కంపెనీలు ఓడల్ని ఈ దేశాల్లో రిజిస్టర్ చేయించడానికి ఇంకా చాలా కారణాలున్నాయి గానీ పెళ్లిళ్ల వ్యాపారం కూడా అందులో కలిసింది. క్యూనార్డ్ కంపెనీ కథ చూడండి. దశాబ్దాల పాటు ఆ ఓడల వెనకవైపు సౌతాంప్టన్ అనో లివర్‌పూల్ అనో రాసి ఉండేది. బ్రిటిష్ చట్టం కింద సముద్రంలో కెప్టెన్ చేసిన పెళ్లి చెల్లదు. 2011లో ఓడలన్నిటినీ బెర్ముడా రిజిస్టర్‌కి మార్చారు, వెనక పేరు హామిల్టన్ అయింది, 2012 నుంచి వాళ్ల క్వీన్ మేరీ 2 ఓడలో పెళ్లిళ్లు మొదలయ్యాయి. ప్రిన్సెస్ కంపెనీ అంతకంటే చాలా ముందే, 1998లో గ్రాండ్ ప్రిన్సెస్ ఓడలో పెళ్లికోసమే ఒక చాపెల్ కట్టి కెప్టెన్ చేత పెళ్లిళ్లు చేయించింది.

మీరు చూస్తున్న ఓడ ఏ దేశానిదో తెలుసుకోవడం చాలా తేలిక. ఓడ వెనకభాగం ఫొటో ఒకటి వెతకండి. పేరు కింద ఒక ఊరి పేరు ఉంటుంది. హామిల్టన్ అంటే బెర్ముడా, నసావు అంటే బహమాస్, వల్లెట్టా అంటే మాల్టా. ఒకే కంపెనీకి వేరువేరు జెండాల ఓడలు, అంటే వేరువేరు దేశాల్లో రిజిస్టర్ అయినవి ఉంటాయి, కాబట్టి కంపెనీ పేరు చూసి కాదు, ఓడ పేరు చూసి నిర్ధారించుకోవాలి.

ఇద్దరు అబ్బాయిలో ఇద్దరు అమ్మాయిలో పెళ్లి చేసుకోవాలనుకుంటే ఈ తేడా ఇంకా పెద్దది. మాల్టా 2017లో అలాంటి పెళ్లికి చట్టబద్ధత ఇచ్చింది. ఆ తరవాత మాల్టా జెండా ఉన్న సెలెబ్రిటీ అనే క్రూజ్ కంపెనీ ఓడల్లో అవి మొదలయ్యాయి. బెర్ముడాలో కోర్టు ఒకసారి ఒప్పుకున్నా, 2022లో దాని చివరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ తీర్పుతో ఆ దారి మూసుకుపోయింది. బహమాస్ చట్టమూ ఒప్పుకోదు. బ్రోషర్‌లో ఇలాంటి జంటలకి గుర్తుగా వేసే ఇంద్రధనుస్సు రంగులు చూసి డిపాజిట్ కట్టేయకండి, వెనకవైపు ఊరి పేరు చూసి కట్టండి.

రేవులో ఉండగానే

ఓడ బయల్దేరే రోజే, అది కదలకముందే, ఓడలోనే పెళ్లి. దీన్ని చాలామంది తక్కువగా చూస్తారు. సముద్రం ఏదీ, కిటికీలోంచి చూస్తే క్రేన్లూ కంటైనర్లూ కదా అని. నిజమే. కానీ పై జాబితాలో ప్రయాణం చేయలేని ముఖ్యమైన మనిషి ఒక్కరున్నా సరే, ఈ దారికి మించింది లేదు. టికెట్ కొనని అతిథులు కూడా ఓడ ఎక్కి, పెళ్లి చూసి, కేక్ తిని, దిగి ఇంటికెళ్లిపోవచ్చు. మిగతావాళ్లు మీతో ప్రయాణం చేస్తారు.

చట్టం విషయంలో ఇది సూటిగా ఉంటుంది. ఓడ రేవులో ఉంది కాబట్టి ఆ ఊరి చట్టమే, ఆ ఊరి లైసెన్సే (పెళ్లికి ముందు తీసుకునే అనుమతి పత్రం), పెళ్లి చేసేది కూడా ఆ ఊళ్లో అనుమతి ఉన్న మనిషే. అమెరికాలో మయామీ, పోర్ట్ కెనావరల్ లాంటి రేవుల నుంచి బయల్దేరితే ఫ్లోరిడా లైసెన్స్ తీసుకోవాలి. అది తీసుకున్నాక 60 రోజుల్లోపు పెళ్లి జరగాలి. ఫ్లోరిడాలోనే ఉండేవాళ్లు పెళ్లికి ముందు చేసే ఒక కోర్సు చేయకపోతే మూడు రోజులు ఆగాలి, బయటివాళ్లకి ఆ ఆగడం లేదు. ఇలాంటి చిన్న మెలికలు ప్రతి ఊరికీ ఒకటి ఉంటుంది. సర్టిఫికెట్ మాత్రం మామూలు పెళ్లికి వచ్చినట్టే వస్తుంది, ఏ ఆఫీసులోనూ ఎవరూ కనుబొమలు ఎగరేయరు.

కష్టమల్లా టైముతోనే. ఆ రోజు ఓడలో ఏం జరుగుతుందో ఊహించుకోండి. పొద్దున్నే పాత ప్రయాణికులు వేలమంది దిగాలి, కాబిన్లన్నీ ఊడ్చి దుప్పట్లు మార్చాలి, సరుకులు ఎక్కాలి, మధ్యాహ్నానికి కొత్త వేలమంది ఎక్కాలి. ఆ సందడి మధ్యలో మీకు ఇచ్చేది రెండు మూడు గంటలు. ప్రయాణం చేయని అతిథులు ఓడ కదలడానికి చాలా ముందే దిగిపోవాలి. 'ఇంకో ఫొటో' అంటూ కాలం సాగదీస్తే కుదరదు. నేను చూసిన పెళ్లిలో పెళ్లికూతురి నాన్న కూతుర్ని దగ్గరకి తీసుకుని ఏదో చెబుతున్నాడు, పక్కన కోఆర్డినేటర్ వాచీ చూసుకుంటూ నిలబడింది. ఆయన చెప్పడం మధ్యలో ఆపేసి, సర్లే తరవాత ఫోన్ చేస్తాలే అన్నాడు.

ఇంకో సంగతి, ఆ రోజు మీ కాబిన్ పొద్దున్నే సిద్ధంగా ఉండదు. ముస్తాబు కావడానికి ఓడలో గది విడిగా ఇస్తారా, లేక రేవు దగ్గర హోటల్లోనే తయారై రావాలా అన్నది ముందే అడగండి. ముందు రోజు రాత్రికే ఆ ఊరు చేరుకోండి. పెళ్లి రోజు పొద్దున విమానంలో దిగి నేరుగా ఓడ ఎక్కుదామనుకునేంత ధైర్యం ఎవరికీ మంచిది కాదు.

నడి సముద్రంలో

అందరూ కలలు కనేది ఇదే. తెల్ల యూనిఫాంలో కెప్టెన్, చుట్టూ నీలం, ఒడ్డు కనపడదు. నేను చూసిన రెండో పెళ్లి ఇలాంటిదే, పదకొండు మంది ఉన్నాం. బాగుంది. పదకొండు మందే కాబట్టి బాగుంది అని కూడా చెప్పాలి.

ఇక్కడ నడిచేది జెండా దేశపు చట్టం. దేశాల ప్రాదేశిక జలాలు ఒడ్డు నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా, అంటే దాదాపు 22 కిలోమీటర్ల దాకా ఉంటాయి. ఓడ వాటిని దాటి బయట ఉన్నప్పుడే కెప్టెన్ పెళ్లి చేస్తాడు. అందుకే ఇవి ఎక్కువగా రోజంతా ఎక్కడా ఆగని 'సీ డే' నాడు పెడతారు. ఆ రోజు కెప్టెన్‌కి ఉన్న ఖాళీని బట్టి టైము ఇస్తారు, మనం అడిగిన సూర్యాస్తమయాన్ని బట్టి కాదు. కెప్టెన్ చదివేది చట్టం చెప్పిన మాటలు, పావుగంటలో అయిపోతుంది. దానికి ముందో వెనకో మీరు రాసుకున్న మాటలు చదువుకోవచ్చా అన్నది ఓడను బట్టి ఉంటుంది.

కాగితాల పని మాత్రం బాగా ముందు మొదలవుతుంది. దరఖాస్తు బెర్ముడాకో బహమాస్‌కో మాల్టాకో వెళ్లి, అక్కడి రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి అనుమతి రావాలి. రెండు మూడు నెలలు చేతిలో ఉండాలి, ఎక్కువ ఉంటే ఇంకా మంచిది. పుట్టిన తేదీ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్, ఇంతకుముందు పెళ్లయి ఉంటే విడాకుల తుది తీర్పు లేదా భాగస్వామి మరణ ధ్రువపత్రం, కొన్నిచోట్ల ప్రస్తుతం అవివాహితులమని రుజువు, ఇవన్నీ ఇంగ్లీషులో లేకపోతే నోటరీ చేసిన అనువాదాలు. పుట్టిన సర్టిఫికెట్‌లో ఒక స్పెల్లింగ్, పాస్‌పోర్ట్‌లో ఒక స్పెల్లింగ్ ఉన్నవాళ్లు ఈ దరఖాస్తు పెట్టకముందే ఆ పని చక్కబెట్టుకోండి. ఓడ ఎక్కాక ఇది సరిదిద్దేవాళ్లు ఎవరూ ఉండరు.

పెళ్లయ్యాక సర్టిఫికెట్ ఆ దేశం నుంచే, కొన్ని వారాల తరవాత వస్తుంది. పెళ్లిరోజు ఓడలో చేతికిచ్చే బంగారు అంచు కాగితం చాలాసార్లు జ్ఞాపకానికి మాత్రమే. మీ దేశంలో చూపించడానికి అసలుది కావాలి, దాని మీద ఎపోస్టిల్ ముద్ర కూడా కావాల్సి రావచ్చు. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాల మధ్య ఈ ముద్ర ఉంటే చాలు, వేరే ధ్రువీకరణ అడగరు. ముద్ర వేసేది పెళ్లి రిజిస్టర్ అయిన దేశమే, మీ దేశం కాదు. కాబట్టి ఒరిజినల్ కాపీలు రెండు మూడు ఎక్కువ అడిగి, ఎపోస్టిల్ కూడా అప్పుడే వేయించమని దరఖాస్తుతోపాటే చెప్పేయండి. తరవాత వీసా కోసం హడావుడిగా కావాల్సి వచ్చినప్పుడు ఎక్కడో ద్వీపంలోని ఆఫీసుకి ఈమెయిళ్లు రాస్తూ కూర్చునే టెన్షన్ తప్పుతుంది.

ఇక గాలి. దీన్ని గురించి బ్రోషర్లు మాట్లాడవు. క్రూజ్ ఓడ 20 నాట్ల వేగంతో వెళ్తోందనుకోండి, అంటే గంటకు 37 కిలోమీటర్లు. ఆకు కదలని రోజు కూడా తెరిచిన డెక్ మీద మీకు ఎదురుగాలి 37 కిలోమీటర్ల వేగంతో తగులుతుంది. అసలు గాలి కూడా ఎదురుగానే వీస్తే ఆ రెండూ కలుస్తాయి. మైకులో గాలి హోరు తప్ప ప్రమాణాలు వినపడవు, ముఖం మీద వేసిన మేలిముసుగు ఎగిరి పక్కాయన కళ్లద్దాలకి చుట్టుకుంటుంది. మేము చూసిన పెళ్లి డెక్ మీద అనుకున్నారు, పొద్దున పది గంటలకి ఒక ఆఫీసర్ వచ్చి గాలి ఎక్కువగా ఉంది, లోపలి లాంజ్‌లోకి మారుద్దాం అన్నాడు. పెళ్లికూతురు ఒక నిమిషం ముఖం ముడుచుకుంది. లోపలికెళ్లి, కిటికీలోంచి డెక్ మీద ఖాళీ కుర్చీ ఒకటి తనంతట తనే జారిపోతుండటం చూశాక ఏమీ అనలేదు.

ఊగడం ఇంకోటి. ఓడకు పక్కల స్టెబిలైజర్ రెక్కలుంటాయి, అవి పక్కలకి ఊగడాన్ని బాగా తగ్గిస్తాయి. ముందుకీ వెనక్కీ ఎగిసిపడటాన్ని అవి పెద్దగా ఆపలేవు. ఆ ఎగిసిపడటం బాగా తెలిసేది ముక్కు వైపు, పై అంతస్తుల్లో. చాపెల్‌ని, అందమైన లాంజ్‌ని ఎక్కువగా పెట్టేది కూడా అక్కడే, ఏం చేస్తాం. అతిథుల్లో కళ్లు తిరిగే అలవాటున్నవాళ్లు ఉంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఉన్న హాలు అడగండి. వాళ్ల కాబిన్లు కూడా అక్కడే తీసుకోండి. మందు వేసుకోవాల్సింది ఊగడం మొదలయ్యాక కాదు, ముందే.

మధ్యలో దిగి ఒడ్డు మీద

ఓడ ఆగే ఏదో ద్వీపంలో దిగి, తీరాన పెళ్లి చేసుకుని, మళ్లీ ఓడ ఎక్కడం. ఫొటోలకి ఇంతకంటే అందమైనది లేదు. నాకు మాత్రం అన్నిటికంటే నమ్మకం తక్కువ దీని మీదే.

కారణం సులువు. ఓడ ఆ రేవుకి చేరుతుందని ఎవరూ మాట ఇవ్వరు. టికెట్ వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే ఒప్పందం చదవండి. వాతావరణం బాగోలేకపోయినా, ఇంకే కారణం వచ్చినా కెప్టెన్ దారి మార్చొచ్చు, రేవు వదిలేయొచ్చు, దానికి కంపెనీ పెద్దగా బాధ్యత పడదు. అట్లాంటిక్‌లో తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. ఆ నెలల్లో కరీబియన్ ద్వీపంలో పెళ్లి పెట్టుకోవడమంటే ముహూర్తం వాతావరణ శాఖ చేతిలో పెట్టినట్టే. పెద్ద రేవు లేనిచోట ఓడ దూరంగా లంగరు వేసి, చిన్న టెండర్ పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు. అలలు కొంచెం పెద్దవైనా ఆ పడవలు నడపరు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లకి ఈ పడవ ఎక్కడం చాలాసార్లు కుదరదు. కాబట్టి ఒడ్డు పెళ్లే కావాలంటే, ఓడ నేరుగా గట్టుకి ఆనుకునే రేవునే ఎంచుకోండి.

చట్టం కూడా కాళ్లకి అడ్డం పడుతుంది. జమైకాలో దిగాక 24 గంటలు గడవాలి, ఓడ అక్కడ ఆగేదే ఎనిమిదో తొమ్మిదో గంటలు. ఫ్రాన్స్‌లో సివిల్ పెళ్లికి ఇద్దరిలో ఒకరైనా, లేదా వాళ్ల తల్లిదండ్రుల్లో ఒకరైనా ఆ ఊళ్లో కనీసం నెల నుంచి ఉండాలి. అలాస్కాలో దరఖాస్తుకీ లైసెన్స్‌కీ మధ్య మూడు పూర్తి రోజులు ఉండాలి, అయితే దాన్ని ముందే పోస్టులో పంపుకోవచ్చు కాబట్టి అక్కడ పని జరుగుతుంది. అంటే 'ఆ ద్వీపంలో పెళ్లిళ్లు జరుగుతాయా' అని అడిగితే సరిపోదు, 'పొద్దున దిగి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లకి జరుగుతాయా' అని అడగాలి.

ఒడ్డు మీద ఏర్పాట్లు ఓడ కంపెనీ ద్వారా చేయించుకోవాలా, అక్కడివాళ్లతో మీరే మాట్లాడుకోవాలా? మీరే మాట్లాడుకుంటే ఖర్చు తగ్గొచ్చు, ఎంపిక కూడా ఎక్కువే. కానీ ఓడ ఎదురుచూసేది తను ఏర్పాటు చేసిన కార్యక్రమాలు ఆలస్యమైతేనే. మీరు సొంతంగా పెట్టుకున్న పెళ్లి ఆలస్యమైతే ఓడ వెళ్లిపోతుంది, పెళ్లి బట్టల్లోనే తరవాతి రేవుకి విమానం వెతుక్కోవాలి. ఓడ గడియారానికీ ఊరి గడియారానికీ గంట తేడా ఉండటం కూడా మామూలే. ఎవరి ఫోన్ ఏ టైము చూపిస్తోందో ముందే సరిచూసుకోండి.

కాగితం ఒడ్డున, వేడుక ఓడలో

ముందే ఇంటి దగ్గర రిజిస్ట్రార్ ఆఫీసులో సంతకాలు పెట్టేసి, ఓడలో వేడుక మాత్రం చేసుకోవడం. 'అది నిజం పెళ్లి కాదుగా' అని కొందరికి మనసొప్పదు. అర్థం చేసుకోగలను. ఏ తేదీని పెళ్లిరోజుగా జరుపుకోవాలో తేలక ఆ తరవాత ఏటా వాదించుకునే జంటని కూడా ఎరుగుదును.

అయినా చాలామందికి నేను ఇదే చెబుతాను. ఓడ జెండా ఏదైనా ఫర్వాలేదు, ఓడ ఎక్కడున్నా ఫర్వాలేదు, గాలొస్తే రేపటికి మార్చుకోవచ్చు, రేవు తప్పినా వేడుక తప్పదు. కెప్టెనే చేయాలని లేదు, మీ స్నేహితురాలే ముందు నిలబడి మాట్లాడొచ్చు, మీకు నచ్చిన మాటలు నచ్చినంత సేపు. సర్టిఫికెట్ మీ ఊరి భాషలో, మీ ఊరి ఆఫీసు నుంచి వస్తుంది. తరవాత వీసాలకీ బ్యాంకులకీ ఏ వివరణలూ ఇవ్వక్కర్లేదు. అంతకుమించి, పెళ్లి నాటి భయాల్లో సగం కాగితాల భయమే. అది నెల ముందే తీరిపోతే ఓడలో మనుషులు నిజంగానే నవ్వుతూ ఉంటారు.

ఒకటి మాత్రం గమనించండి. ముందే పెళ్లయిపోయిందంటే కొన్ని కంపెనీలు దీన్ని ప్రమాణాలు మళ్లీ చెప్పుకునే వేడుక కింద లెక్కేస్తాయి. ప్యాకేజీ వేరు, ఇచ్చే హాలు వేరు, కొన్నిచోట్ల ఇతర జంటలతో కలిపి చేస్తారు. కెప్టెన్ వస్తాడో రాడో కూడా దాన్ని బట్టే. బుక్ చేసేటప్పుడు మీకు కావాల్సింది విడిగా జరిగే వేడుక అని స్పష్టంగా చెప్పండి.

నదుల సంగతి

సముద్రం అంటే భయం ఉండి నీళ్లంటే ఇష్టం ఉన్నవాళ్లు నది పడవల వైపు చూడొచ్చు. రైన్, డాన్యూబ్ నదుల మీద తిరిగేవి చిన్నవి, వంద రెండు వందల మంది పడతారు. బంధువులు ఎక్కువ ఉంటే మొత్తం పడవనే తీసుకోవచ్చు. ఊగడం ఉండదు, ఎప్పుడూ ఒడ్డు కనపడుతుంది. అయితే అక్కడ నడి సముద్రం అనేదే లేదు కాబట్టి కెప్టెన్ పెళ్లీ లేదు, పడవ ఏ దేశం గట్టున ఉంటే ఆ చట్టం. వేడుకకి బాగుంటుంది, కాగితం మాత్రం ఇంటి దగ్గరే. వేసవి చివర్లో నీళ్లు తగ్గితే పడవలు ఆగిపోతాయి. 2018లోనూ 2022లోనూ రైన్ మీద అలాగే జరిగింది, ప్రయాణికుల్ని బస్సుల్లో తిప్పారు. పెళ్లిబృందాన్ని బస్సులో ఊహించుకోండి.

మరి ఎవరికి ఏది?

మీ జాబితాలో పది పదిహేను మందే ఉండి, అందరూ ప్రయాణం చేయగలిగితే, కాగితాలు సర్దుకోవడానికి ఆరు నెలలు చేతిలో ఉంటే, కెప్టెన్ చేత సముద్రంలో చేయించుకోండి, ఆ ముచ్చట వేరు. అమ్మమ్మో తాతయ్యో ఓడలో ప్రయాణం చేయలేరు గానీ వాళ్లు లేకుండా పెళ్లి లేదనుకుంటే రేవులోనే. ఇద్దరివీ వేరువేరు దేశాల పాస్‌పోర్ట్‌లైనా, ఇద్దరిలో ఒకరికి ఇది రెండో పెళ్లి అయినా, త్వరలో వీసా పని ఉన్నా, కాగితం ఇంటి దగ్గర చేసుకుని వేడుక ఓడలో పెట్టుకోండి. ఒడ్డు మీద పెళ్లి, రద్దయినా నవ్వుకోగలిగే మనుషులకి. అలాంటివాళ్లు ఉంటారు, నేను కాదు.

యాభై మందికి మించితే ఇంకోసారి ఆలోచించండి. ఓడలో పెళ్లి అంటే ఆ వారమంతా బంధువులతోనే. ఇది మీ హనీమూన్ కూడా అనుకుంటున్నారేమో, పొద్దున స్విమ్మింగ్ పూల్‌లో అత్తగారు, మధ్యాహ్నం భోజనాల క్యూలో బాబాయి. కొంతమంది జంటలు మూడు నాలుగు రోజుల చిన్న క్రూజ్‌లో పెళ్లి పెట్టుకుని, అందరూ దిగాక అదే ఓడలో ఇంకో ట్రిప్ ఇద్దరే వెళ్తారు. తెలివైన పని.

అతిథుల్లో గర్భవతులుంటే తేదీ చూసుకోండి. ప్రయాణం ముగిసేలోపు 24వ వారం వచ్చేవాళ్లని చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. ఆరు నెలల్లోపు పసిపిల్లలకి కూడా చాలా ఓడల్లో అనుమతి లేదు, రోజుల తరబడి ఎక్కడా ఆగని ప్రయాణాలకైతే ఏడాది నిండాలి.

డబ్బు కట్టే ముందు

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నట్టే ఉంటుంది అమ్మేవాళ్ల మాట. ఫోన్‌లో అన్నిటికీ 'అవుతుందండీ' అంటారు. ఓడలో మీకు కనపడే కోఆర్డినేటర్ వేరే మనిషి, ఆమె చేతిలో ఉన్న కాగితంలో ఏం రాసి ఉంటే అదే అవుతుంది. కాబట్టి హాలు పేరు, గంటలు, ఎంతమంది, పూలు, సంగీతం, వాతావరణం బాగోలేకపోతే మారే హాలు, అన్నీ ఈమెయిల్‌లో రాయించుకుని, ప్రింట్ తీసుకుని వెళ్లండి.

టికెట్ ఒక ఒప్పందం, పెళ్లి ప్యాకేజీ ఇంకో ఒప్పందం. ఏ తేదీ దాకా రద్దు చేసుకుంటే ఎంత తిరిగొస్తుందన్నది రెండింటికీ వేరువేరు. కంపెనీయే ప్రయాణం రద్దు చేస్తే (ఎవరో మొత్తం ఓడని తీసుకున్నా అలా అవుతుంది) పెళ్లి డబ్బు ఏమవుతుందో రాతలో అడగండి. బీమా తీసుకునేటప్పుడు పెళ్లి ఖర్చులు కూడా వస్తాయా అని చూడండి, మామూలు ప్రయాణ బీమాలో చాలాసార్లు రావు.

ఎనిమిది కాబిన్లు, అంతకంటే ఎక్కువ తీసుకుంటే చాలా కంపెనీలు గ్రూప్ బుకింగ్ కింద లెక్కేసి ఏదో ఒక రాయితీ ఇస్తాయి. అందరూ విడివిడిగా బుక్ చేసుకున్నాక అడిగితే లాభం లేదు.

ఫొటోగ్రాఫర్ సంగతి గొడవలు తెచ్చేది. చాలా ఓడల్లో పెళ్లి ఫొటోలు తీసేది ఓడ సిబ్బందే, ప్యాకేజీలో తీయడం మాత్రమే ఉంటుంది, ఫొటోలు విడిగా కొనుక్కోవాలి. మీకు నచ్చిన ఫొటోగ్రాఫర్‌ని తెచ్చుకోవాలంటే అతనికీ టికెట్ కొనాలి, అనుమతీ తీసుకోవాలి. సముద్రం మీంచి ఇంట్లోవాళ్లకి లైవ్ చూపిస్తామని మాట ఇవ్వకండి. 2022 తరవాత చాలా ఓడల్లోకి స్టార్‌లింక్ అనే ఉపగ్రహ సర్వీసు వచ్చి ఇంటర్నెట్ బాగుపడింది, అయినా కరెక్ట్‌గా ప్రమాణాలప్పుడే వీడియో ఆగిపోతే ఇంటి దగ్గర కూర్చున్నవాళ్ల బాధ ఎక్కువ. రికార్డ్ చేసి సాయంత్రం పంపండి.

సూట్‌కేసులో పెట్టకూడనివి కొన్ని ఉన్నాయి. మంట ఉన్న కొవ్వొత్తులు ఏ ఓడలోనూ ఒప్పుకోరు, అగ్నిప్రమాదం అంటే సముద్రంలో అంత భయం. కాబిన్‌లో వాడుకునే ఇస్త్రీపెట్టె, స్టీమర్ కూడా అంతే, స్కానింగ్‌లో కనపడితే తీసుకుని ట్రిప్ అయ్యాక ఇస్తారు. మా పెళ్లికూతురిది అలాగే తీసుకున్నారు, డ్రెస్ ఓడ లాండ్రీలో నొక్కించాల్సి వచ్చింది. చల్లే కాగితపు ముక్కలు సముద్రంలో పడతాయి కాబట్టి వద్దంటారు. తాజా పూలు ఇంటి నుంచి తెచ్చుకోవడం కూడా కుదరకపోవచ్చు, చాలా రేవుల్లో మొక్కలూ పూలూ దించనివ్వరు.

టికెట్‌లో ఉండాల్సింది పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరే. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలనుకున్నా సరే, ఈ ప్రయాణానికి పాత పేరే. ఉత్సాహంగా కొత్త పేరుతో బుక్ చేసుకుంటే రేవు దగ్గర ఆ మేనమామ కూర్చున్న కుర్చీ మీకోసం ఖాళీగానే ఉంటుంది.

ఇక పెళ్లి బట్టలు, ఉంగరాలు, కాగితాల ఫైలు. ఓడ ఎక్కే రోజు పెద్ద సూట్‌కేసులు రేవులోనే తీసుకుని సాయంత్రానికో రాత్రికో కాబిన్ ముందు పెడతారు, అప్పటిదాకా అవి ఎక్కడున్నాయో ఎవరికీ తెలీదు. ఈ మూడూ చేతిలోనే పట్టుకుని ఎక్కండి. డ్రెస్ పెద్దదై భుజం నొప్పెట్టినా సరే.